ఇంటి మరమ్మతులు: కంటికి కనబడని లీకు

పోయిన నెలలో కుట్టు మిషను సంగతి వ్రాసినాను. ఈ నెల మా యింటి మోటారు సైకిలు సంగతి. ఇటువంటి పాత బండ్లు మన యిండ్లలో యింకా కొన్ని వున్నవి. కొన్ని నడుస్తున్నవి, కొన్నిటి మీద కోళ్లు పండుకుంటున్నవి. ఈ రెండవ రకము బండి గలవారికే యీ వ్యాసము ఎక్కువ పనికివస్తుంది.

మా గౌనిపల్లిలో మా నాయన 1984లో కొన్న యెజ్డీ 250 మా పెరట్లో వున్నది. మామిడికాయల కాలములో నాయన దాని మీదనే శ్రీనివాసపురం మండీకి పోయి వచ్చేవాడు. పెట్రోలు ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకొని చెరువు కట్ట దాకా తిప్పేవాడు. ఆయన పోయి మూడేండ్లయినది. అంతకు ముందు పదేండ్లు బండి రేకుల క్రిందనే నిలిచి వుండినది.

ఈ యేడు మావాడు చింతామణిలో కాలేజీలో చేరినాడు. లైసెన్సు వచ్చినదే తడవుగా, "నాయనా, తాత బండి నాకియ్యి" అని పట్టుకున్నాడు. సరే అని కార్బురేటరు కడిగి, కొత్త ప్లగ్గు వేసి కిక్కు కొట్టినాము. బండి లేచినది గాని వీధంతా తెల్లని పొగ. రెండు సైలెన్సరు గొట్టాలు యింజనుతో కలిసే చోట నల్లని జిడ్డు నూనె కారి కాలిపట్టె మీదికి వచ్చినది.

పట్టణములో ఒక షెడ్డుకు తోలించుకొని పోతిని. అక్కడివాడు చూచీ చూడగానే "ఎగ్జాస్టు వాల్వు సీలు పోయింది సార్" అన్నాడు. పదునెనిమిది వందలు తీసుకొన్నాడు. గొట్టాన్ని బిగించే రెక్కల నట్టును వులి పెట్టి సుత్తితో కొట్టి బిగించినాడు, రెండు రెక్కలు విరిచినాడు. వారము తిరగక ముందే జిడ్డు మళ్లీ మొదలు. పాత యినుము కొనేవాడు వచ్చి తూకము ధర చెప్పి పోయినాడు. అమ్మ ఆ రాత్రి అన్నము వడ్డిస్తూ, "అమ్మేదయితే నేను పొలము దగ్గిరికి పోయినప్పుడు అమ్మురా. నా కండ్ల ముందర వద్దు" అన్నది. ఆ మాట విని నాకు నిద్ర రాలేదు.

మరునాడు, జావా బండ్లతోనే తల పండిన ఒక పెద్ద మేస్త్రీ దగ్గిరికి పోయినాను. జరిగినది చెబితే ఆయన నవ్వినాడు. "సారూ, ఈ బండికి వాల్వే లేదు గదా! దానికి సీలు యెక్కడిదబ్బా?"

ఆఫీసులో ఇరవై యేండ్లుగా ఫైళ్లు తిరగేసే నాకు ఆ ఒక్క ప్రశ్న షెడ్డులో అడగాలని తోచలేదు. ఆయన చెప్పినది నాకు అర్థమైనంత వరకు విన్నవిస్తాను.

మన యెజ్డీ జావాకు తోబుట్టువు. చెక్ దేశస్థుడు యానెచెక్ 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ బండిని తయారుచేసే హక్కు కొని, తన పేరులోని మొదటి అక్షరాలు, దాని పేరులోని మొదటి అక్షరాలు కలిపి జావా అని పేరు పెట్టినాడు. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1961 ప్రాంతములో ఆ బండ్లు చేయడము మొదలుపెట్టినది. తరువాత 1970 దశకములో యెజ్డీ అన్న పేరు వచ్చినది. 1996లో ఫ్యాక్టరీ మూతబడినది. 2018 తరువాత ఆ పేర్లతో వచ్చిన కొత్త బండ్లు ఫోర్ స్ట్రోకువి. వాటికి వాల్వులు వుంటవి. మన పాతది టూ స్ట్రోకు. ఒకే సిలిండరు, పొగ పోవడానికి రెండు దారులు, రెండు సైలెన్సర్లు.

టూ స్ట్రోకులో వాల్వు పని పిస్టనే చేస్తుంది. పిస్టను పైకి పోయేటప్పుడు క్రింది క్రాంకు గది పెట్రోలు ఆవిరిని పీల్చుకుంటుంది. దిగేటప్పుడు ఆ ఆవిరి నొక్కబడి పక్క దారులగుండా సిలిండరులోకి ఎక్కి, కాలిన పొగను బయటికి నెడుతుంది. కొన్ని యమహా బండ్లలో 1980 దశకము నుండి పొగదారిలో పవర్ వాల్వు అని ఒకటి వున్నది. దాని యిరుసు చివర రబ్బరు సీళ్లు పోతే అక్కడ జిడ్డు కారడము నిజమే. ఆ మాట యెక్కడో విని షెడ్డువాడు మన బండికి అంటగట్టినాడు కాబోలు.

మరి మా బండిలో కారినదేమి? క్రాంకు గది పీల్చి నొక్కే గది గనుక గాలి చొరకుండా మూసి వుండాలి. దాని యిరుసుకు రెండు వైపులా రబ్బరు సీళ్లు వుంటవి. ఎడమ ప్రక్క క్లచ్చి, గేరు ఆయిలు. కుడి ప్రక్క డైనమో. బండి పదేండ్లు నిలిచి వుంటే రబ్బరు ఎండి గట్టిపడుతుంది. ఎడమ సీలు పోతే యింజను గేరు ఆయిలును పీల్చి కాలుస్తుంది. అది సగము కాలి, సగము కాలక సైలెన్సరు దారిన పోతూ కీలు వద్ద బయటపడుతుంది. బయట మనము చూచినది చెమట, జ్వరము లోపల వున్నది.

దీనికి పరీక్ష సులభము. గేరు ఆయిలు కొలిచి పోయవలెను. కొంత దూరము తిరిగి మళ్లీ దింపి కొలవవలెను. మేము ఒక లీటరు పోసి, మూడు వందల కిలోమీటర్లు తిప్పి దింపితే ఆరు వందల మిల్లీలీటర్లే వచ్చినది. క్రింద నేల మీద ఒక్క చుక్క లేదు.

కుడి సీలు పోవుట యింకా ప్రమాదము. అటునుండి నూనె రాదు, వట్టి గాలి చొరబడుతుంది. పెట్రోలు, దానిలో కలిపిన నూనె పలచబడి పిస్టను వేడెక్కి సిలిండరును పట్టుకుంటుంది. పరుగులో వుండగా పట్టుకుంటే వెనుక చక్రము బిగిసి మనిషి పడిపోతాడు. యాక్సిలరేటరు వదిలినా యింజను వేగము దిగకపోతే దీనిని అనుమానించి బండి ఆపవలెను. మావాడు ఆ బండి మీద చింతామణి దారిలో పోవలసినవాడు. మేస్త్రీ యీ మాట చెప్పినప్పుడు నా ఒళ్లు జలదరించినది. ఆ దినమే రెండు సీళ్లూ మార్చమన్నాను. ఒకే వయసువి, ఒకటి పోతే రెండవది దాని వెనుకనే పోతుంది.

చేసిన పని క్రమము యిది. కొత్త సీలు పెట్టే ముందు పాతది యే వైపు ముఖము పెట్టి వున్నదో గుర్తు పెట్టుకోవలెను. పెదవికి నూనె రాసి, యిరుసు మీది పదును అంచులకు టేపు చుట్టి, సరియైన గొట్టము ముక్కతో తిన్నగా నొక్కవలెను, వంకరగా కొట్టరాదు. రెక్కల నట్టుకు ముందు రాత్రే తుప్పు వదిలే నూనె పోసి, కొక్కెము పానాతో త్రిప్పవలెను. గోటితో పోయేదానికి గొడ్డలి వద్దు. పిస్టనును పైకి తెచ్చి పొగదారిని మూసి, పేరుకున్న మసిని కొయ్య ముక్కతో గోకవలెను. అప్పుడు మసి లోపల పడదు. కీలులోని రాగి వలయము కొత్తది దొరకకపోతే, పాతదే ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే మెత్తబడి మళ్లీ పట్టుకుంటుంది. పాత వలయములో ఆస్బెస్టాసు వుంటే మాత్రము గీకరాదు, దాని దుమ్ము వూపిరితిత్తులకు చేటు. తడిపి తీసి పారవేయవలెను. బిగించి, పది నిమిషాలు నడిపి, చల్లారిన తరువాత ఒకసారి మళ్లీ బిగించవలెను.

మొత్తము ఖర్చు షెడ్డువాడు తీసుకొన్నదానికంటె తక్కువే. మళ్లీ మూడు వందల కిలోమీటర్లు తిప్పి గేరు ఆయిలు దింపి కొలిచినాము. పోసినంతా వున్నది. పదునైదేండ్లు దాటిన బండికి రిజిస్ట్రేషను అయిదేండ్లకొకసారి కొత్త చేయించాలి గనుక ఆ కాగితము కూడా సరిచేసి, ఆ తరువాతనే తాళము మావాడి చేతిలో పెట్టినాను.

వాడు కిక్కు కొట్టినప్పుడు అమ్మ వంటింట్లో వున్నది. బయటికి రాలేదు. "పొగ తగ్గినట్టుందే" అని మాత్రము లోపలినుండి అడిగినది. తగ్గింది అన్నాను.

మీ యింట్లోనూ ఇటువంటిది వుంటే, మేస్త్రీ చెప్పిన పేరు వినగానే పర్సు తీయకండి. ఆ వస్తువు మన బండిలో వున్నదా, కారేది యేది, యెక్కడినుండి, యెంత అని అడగండి. ఒక కొలత పాత్ర, ఒక వారము ఓపిక వుంటే సగము రోగము మీకే తెలుస్తుంది.

వచ్చే నెల నూతి మోటారు సంగతి.