సర్టిఫికెట్ పెడితే చాలా?

మొన్న సంక్రాంతికి గూడూరులో ఉంటే ఆఫీసు తమ్ముడి ఫోను. "అన్నా, ఫైల్ అప్‌లోడ్‌కి క్లయింట్ సర్టిఫికెట్ పెట్టేశా, ఇక సెక్యూరే కదా!"

స్క్రీన్ షేర్ చేయించి చూశాను. పాత డాట్‌నెట్ కోడు. ఎఫ్‌టీపీ రిక్వెస్ట్‌కి ఎనేబుల్‌ఎస్‌ఎస్‌ఎల్ ట్రూ, పీఎఫ్‌ఎక్స్ లోడ్ చేసి జతచేయడం, అన్నీ ఉన్నాయి. సర్వర్ సర్టిఫికెట్ చెక్ చేసే కాల్‌బ్యాక్‌లో మాత్రం ఒకే లైను: రిటర్న్ ట్రూ! టెస్టింగ్‌లో ఎర్రర్ వస్తోందని పెట్టి మర్చిపోయాడట.

క్లయింట్ సర్టిఫికెట్ మనమెవరో చెబుతుంది, అంతే. అవతలిది అసలు సర్వరేనా అన్నది మనం చూసుకోవాలి. మధ్యలో దూరినవాడు మన సర్టిఫికెట్ అడగడు, ఫైలు మాత్రం పుచ్చుకుంటాడు. గూడూరు జంక్షన్లో చెన్నై టికెట్ జేబులో ఉంది కదా అని, బోర్డు చూడకుండా రేణిగుంట బండెక్కినట్టు!

సర్వర్ వాళ్ళ రూట్ సర్టిఫికెట్ తెచ్చి ట్రస్ట్ స్టోర్‌లో పెట్టుకోండి. ఆ లైను తీసేయండి. మీ కోడ్‌లోనూ ఓసారి వెతకండి మరి!