పది మంది హాకింలు, ఒక ఖాదిం

మా అబ్బాజాన్ ఇంతెఖాల్ అయిన మూడోరోజు, జియారత్ ఫాతెహా ముగిసి చుట్టాలు ఒక్కొక్కరే లేస్తుండగా పంచాయతీ సెక్రెటరీ మా వాకిట్లో బండి ఆపాడు. పరామర్శకే వచ్చాడు. చాయ్ తాగి, వెళ్తూ వెళ్తూ నన్ను పక్కకు పిలిచి, “అన్నా, ఇట్లాంటప్పుడు అడక్కూడదు గానీ, 21 రోజుల లోపల మరణం రాయించేయండి. దాటితే మీరే తిరగాల” అన్నాడు.

పలమనేరుకు, పుంగనూరుకు నడుమ ఉండే పెద్దపంజాణి మండలంలో ఒక పల్లె మాది. పల్లెలో జనన మరణాలు నమోదు చేసే రిజిస్ట్రారు పంచాయతీ సెక్రెటరీయే. ఆ ఒక్క కాగితం లేకపోతే విరాసత్‌లో భూమి మారదు, బ్యాంకు ఖాతా తెరుచుకోదు, పింఛను తీసుకునే భర్త పోతే భార్యకు ఆ పింఛను రాదు. మా అబ్బాజాన్‌కు కాగితాలు లేక కాదు, ఎక్కువై తకరారు వచ్చింది. ఆధార్‌లో ‘రహీం’, పాస్‌పుస్తకంలో ‘రహిమాన్’, బ్యాంకులో చివర ‘సాబ్’. మన పేర్లను తెలుగులో విని, ఇంగ్లీషులో టైపు కొట్టి, మళ్ళీ తెలుగులోకి దించితే మనిషి మారిపోతాడు. మనకు ఇదంతా నవ్వులాటగా ఉన్న రోజులు పోయాయి. కాగితం మీద నుక్తా తప్పినా గుండె దడదడలాడే జమానా ఇది.

ఇద్దత్‌లో ఉన్న అమ్మీ నాలుగు నెలల పది రోజులు బయటికి రాదు. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పారో తెలియదు, రెండోసారి కూడా ఇంటికే వచ్చాడు. కాగితాలన్నీ చాప మీద పరిచి, పర్దా అవతల ఉన్న అమ్మీని “అమ్మా, ఆయన పేరు మీ నోటితో నిదానంగా చెప్పండి” అన్నాడు. అమ్మీ భర్త పేరు పెట్టి పిలిచిన మనిషి కాదు. సిగ్గుపడుతూనే మూడుసార్లు చెప్పింది. అతను మూడుసార్లూ రాసుకున్నాడు.

ఆ గంటలో అతని ఫోను ఎన్నిసార్లు మోగిందో నేను లెక్కపెట్టలేదు. ఒక వీధిలో బోరు మోటారు కాలిపోయింది. ఇంకెక్కడో లైటు వెలగలేదు. పైనుంచి ఎవరో, చెత్త బండి ఫోటో యాప్‌లో ఎక్కలేదని గద్దించారు. మా వైపు బోర్లు ఎంత లోతుకు దింపినా నీటికి భరోసా లేదు కదా, ఎండాకాలంలో ఆ మోటారు ఒక్కటే ఊరికి ప్రాణం. ఇవి గాక ఇంటి పన్ను వసూలు, కాలువల సఫాయీ, ట్యాంకులో క్లోరిన్, గ్రామసభ తీర్మానాలు ఉండనే ఉన్నాయి. 2024 జులై నుంచి ప్రతి నెలా మొదట్లో ఇంటింటికీ తిరిగి పింఛను పంచే పని కూడా సచివాలయ సిబ్బంది నెత్తినే పడింది.

అమెరికాలో 1913 వరదలో మునిగిన డేటన్ అనే నగరం, మరుసటి ఏడాది నుంచి ఊరి పనులన్నీ ఒక మేనేజర్‌కు అప్పగించింది. ఎన్నికైన సభ్యులు అతన్ని నియమిస్తారు, అతను వాళ్ళకే జవాబు చెప్తాడు. మన సెక్రెటరీకి సర్పంచు ఒక హాకిం, ఎంపీడీవో ఒక హాకిం, డివిజన్‌లో ఒకరు, జిల్లాలో ఇద్దరు ముగ్గురు. వీళ్ళు చాలరని ఊళ్ళో ప్రతి పార్టీ వాడూ హాకిమే. హుకుంలు పది వైపుల నుంచి వస్తాయి, జిమ్మేదారీ మాత్రం ఒక్కడిదే.

పోనీ చేతిలో పైసా ఉందా అంటే అదీ అంతంతే. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగ్గవని 29 అంశాలు అందులో రాశారు. అధికారం మటుకు పైనే ఉండిపోయింది. 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన నిధుల్లో 60 శాతం నీళ్ళకు, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు. 2021లో ఆర్థిక సంఘం డబ్బును కరెంటు బకాయిల కింద సర్దేసుకున్నారని మన సర్పంచులు రోడ్డెక్కారు. జమ, ఖర్చు, బకాయి, వసూలు, రసీదు అనే మాటలన్నీ మన జుబాన్ నుంచి తెలుగు దఫ్తర్లలోకి వచ్చినవే. వాటిలో ‘బకాయి’ ఒక్కటే పంచాయతీకి బాగా వంటబట్టినట్టుంది.

సెక్రెటరీలందరూ ఫరిష్తాలని నేననను. రిష్వత్‌కు చాచిన చేతులను నేనూ చూశాను. కానీ ఆ చేతులను చూపించి, ఖిద్మత్ చేసేవాణ్ణి కూడా నోటికొచ్చినట్టు తిట్టడం ఇన్సాఫ్ కాదు. ఇతనికి ఒక్క హాకింను ఉంచండి. పంచాయతీ వసూలు చేసిన పైసా పంచాయతీలోనే ఖర్చు కానివ్వండి. ఫోటోలు ఎక్కించే పనిలో సగమైనా తగ్గించండి. మన వైపు సంగతి మరీ షరంగా ఉంది. గ్రామసభకు ఇరవై మంది రారు, మోటారు కాలిన రోజు మాత్రం రెండు వందల మంది ఫోను చేస్తారు. నేనూ గ్రామసభ మొహం చూడని బాపతే.

సర్టిఫికెట్ పద్దెనిమిదో రోజున చేతికొచ్చింది. అమ్మీ చదవలేదు. వేలితో పేరు తడుముతూ “సహీ హై క్యా?” అని అడిగింది. “సహీ హై అమ్మీ” అన్నాను. సెక్రెటరీ బండి ఎక్కుతూ, అదే మెత్తటి గొంతుతో, “అన్నా, రెండేండ్ల ఇంటి పన్ను బకాయి ఉంది మీది” అన్నాడు. లోపలికెళ్ళి డబ్బు తెచ్చిచ్చాను. రసీదు ఎవరి పేరు మీద రాయాలని అడిగితే, ఒక్క నిమిషం నాకు నోరు పెగల్లేదు.