ఒకవైపే తెరచుకొను తలుపు

కొల్లేటి గట్లపై ఇంజనుతో నీరు తోడు రైతుకు ఫుట్‌వాల్వు విలువ మనము చెప్పనక్కరలేదు. నీరు పైకెక్కునపుడు దాని రెక్క తెరచుకొనును. నీరు వెనుకకు మళ్ళినంతనే ఆ బరువుకే మూసుకొనును. రెక్క క్రింద నాచుపోగు చిక్కెనా, గొట్టము ఖాళీయగును, పంపు నీరెత్తదు.

కొల్లేటినుండి సముద్రమునకు దారి ఉప్పుటేరు. వేసవిలో సరస్సు మట్టము తగ్గినపుడు పోటువేళ ఉప్పునీరు ఆ దారినే ఎదురెక్కును. అచట తలుపులతో రెగ్యులేటరు కావలెనను వాదము సమంజసమే. కాని తలుపుతోనే పని తీరదు. ఏలూరు మీదుగా వచ్చు తమ్మిలేటి నీరు అడ్డులేక సరస్సు చేరవలెను, గుర్రపుడెక్క తొలగవలెను. ప్రవాహమునకు అడ్డమైన చేపల చెరువుల గట్లను 2006లో కొట్టించవలసివచ్చిన సంగతి మరువరాదు. తలుపు కట్టుట ఒకనాటి పని. దానిని శుభ్రముగా నుంచుట నిత్యకృత్యమని మా అభిప్రాయము.