కప్పుల వైద్యం: గాటు పెట్టించుకునే ముందు

ధర్మవరంలో పొద్దున్నే మగ్గం గుంతలో కాళ్ళు పెట్టిన నేత కార్మికుడు లేచేసరికి పొద్దు గూకుతుంది. పెనుకొండ పొలాల్లో వంగి వేరుశెనగ పీకే ఆడకూలీలకు, హిందూపురం మార్కెట్లో చింతపండు బస్తాలు మోసే హమాలీలకు కూడా నడుము నొప్పి వృత్తితోపాటు వచ్చిన జబ్బే. ఒకనాటి కూలి పోగొట్టుకుని ఆసుపత్రి వరుసలో నిలబడలేరు గనుక వీరు ఎవరేమి చెప్పినా నమ్ముతారు. వీపుమీద కప్పులు బోర్లించి నొప్పి లాగేస్తామన్నా నమ్ముతారు.

ఈ వైద్యం చైనా నుంచి ఊడిపడిన వింతేమీ కాదు. ఆవు కొమ్ముతో, సొరబుర్రతో నెత్తురు పీల్చే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. యునానీ హకీములు దీనిని హిజామా అంటారు. చైనా వైద్యులు గాజు కప్పులో మంట చూపి, వేడి పోకముందే వీపుపై బోర్లిస్తారు. లోపలి గాలి చల్లారి కుంచించుకోగానే చర్మం కప్పులోకి ఉబుకుతుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో అమెరికా ఈతగాడు మైకేల్ ఫెల్ప్స్ ఒంటిమీది గుండ్రటి మచ్చలు చూశాక ఎక్కడెక్కడివారికో దీనిపై మోజు కలిగింది.

ఆ మచ్చలు చెడు రక్తం బయటపడిన గుర్తులని చెప్పడం మాత్రం శుద్ధ అబద్ధం. సన్నని రక్తనాళాలు చిట్లి చర్మం కమిలిందంతే. దెబ్బ తగిలినా అలాగే కములుతుంది. నొప్పి కొన్నాళ్ళు తగ్గవచ్చునని కొన్ని పరిశోధనలు చెప్పాయి గాని అవి చిన్నవి, గట్టి రుజువులు కావు. అయినా ఉత్త కప్పులతో ఎవరికైనా హాయి కలిగితే కాదనేదెవరు?

ప్రమాదమంతా గాటుతోనే. ఒకరి నెత్తురంటిన బ్లేడు, కప్పు మరొకరికి వాడితే కామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి క్రిములు, ఎయిడ్స్ క్రిమి కూడా సోకగలవు. చక్కెర జబ్బు ఉన్నవారికి గాయం త్వరగా మానదు. రక్తాన్ని పలచబరిచే మాత్రలు వాడేవారికి నెత్తురు త్వరగా ఆగదు. రక్తహీనతతో ఉన్న ఆడకూలీకి ఉన్న నెత్తురే తక్కువ, అదీ తీయించుకోవడమేమిటి! కొత్త బ్లేడు తన కళ్ళ ముందే విప్పమనీ, యునానీ చదివిన పట్టా చూపమనీ అడిగే హక్కు రోగికి ఉంది. హిందూపురంలో రైలెక్కితే చేరుకునే బెంగుళూరులోనే జాతీయ యునానీ వైద్య సంస్థ ఉండగా, సందులో గాటు పెట్టించుకోవలసిన అగత్యం లేదు.

నడుము నొప్పితోపాటు కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం ఆపుకోలేకపోయినా ఏ కప్పుల జోలికీ పోక వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. ధర్మవరం, హిందూపురం ప్రభుత్వాసుపత్రులలో నడుము పరీక్ష, వ్యాయామ చికిత్స సాయంత్రం మగ్గం దిగిన తరువాత అందే ఏర్పాటు చేస్తే, గాటుకు వీపు అప్పగించే అవసరం చాలామందికి రాదు.