నీరసం ఆడవాళ్ళ స్వభావం కాదు

ధర్మవరంలో పట్టు మగ్గాల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా నేను వినే మాట ఒకటుంది. కండెలు చుట్టే ఆమెను ఆరోగ్యం ఎట్లా ఉందని అడిగితే, "రోగమేం ల్యాదక్కా, ఒంట్లో సత్తువ ల్యాదు, అంతే" అంటుంది. హిందూపురంలో గార్మెంట్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వచ్చిన అమ్మాయి, పెనుకొండ పక్క పల్లెలో వేరుశనగ చేలో కలుపు తీసే ఆమె కూడా ఇదే మాట చెబుతారు. సత్తువ లేకపోవడాన్ని రోగంగా లెక్కపెట్టకపోవడం దగ్గరే అసలు సమస్య మొదలవుతోందని నా అభిప్రాయం.

మగవాడు రెండు రోజులు మగ్గం మీద కూర్చోలేకపోతే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. చీర ఆగిపోతుంది, కూలి ఆగిపోతుంది. ఆమె చుట్టే కండెలకు, వండే వంటకు, మోసే నీళ్ళకు విడిగా కూలి లేదు గనుక ఆమె నీరసానికి కూడా లెక్క లేదు. పగలు కాసేపు నడుం వాలిస్తే సోమరితనం అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. పురుషులలో 25 శాతం మందికి. మన రాష్ట్రంలో స్త్రీలలో 58.8 శాతం. బహిష్టులు, కాన్పులు ఇందుకు ఒక కారణమైతే, అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు మరో కారణం.

ఓపిక బొత్తిగా లేక ఎప్పుడైనా వైద్యానికి వెళ్తే దొరికేది గ్లూకోజు బాటిల్. అయిదు శాతం గ్లూకోజు అర లీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు చెంచాలు. దానితో రక్తం పెరగదు. ఒక రోజు కూలి మాత్రం పోతుంది. జబ్బేమిటో ఎవరూ చూడకుండానే ఆమె మళ్ళీ పనిలో కూర్చుంటుంది.

నీరసం అనే ఒక్క మాట వెనుక ఎన్నో ఉండవచ్చు: రక్తహీనత, థైరాయిడ్, షుగరు, క్షయ, నెలనెలా అతిగా పోయే రక్తం, మనసులోని దిగులు. రెండు వారాలు దాటినా తగ్గని నీరసానికి డాక్టరును కలవాలి. హిమోగ్లోబిన్ పరీక్ష అడిగి చేయించుకోవాలి, ఎంత ఉందో కాగితం మీద రాయించుకోవాలి. 12 గ్రాముల కంటే, గర్భిణులకు 11 కంటే తక్కువుంటే రక్తహీనత. ఐరన్ మాత్రలు వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి మానేసేవాళ్ళు ఎందరో. ఇది ముందే చెప్పాలి. మాత్ర వేసుకునే వేళకు టీ తాగవద్దనీ, నిమ్మరసం మంచిదనీ, హిమోగ్లోబిన్ పెరిగిన తర్వాత కూడా డాక్టరు చెప్పినన్నాళ్ళు వాడాలనీ చెప్పాలి. రక్తం ఎక్కువగా పోతోందంటే వెంటనే గర్భసంచి తీయించుకోమనే సలహాకు ఒప్పుకోకముందు మరో డాక్టరును అడగాలి.

సాయంత్రపు జ్వరం, రెండు వారాలకు మించిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా కఫం పరీక్ష చేస్తారు. నాలుగడుగులకే ఆయాసం, గుండెదడ, కళ్ళు తిరిగి పడిపోవడం ఉంటే ఆగకూడదు. ఒక పక్క చెయ్యీ కాలూ ఉన్నట్టుండి పట్టు తప్పినా, మూతి వంకరపోయినా, మాట తడబడినా, ఛాతీలో నొప్పి వచ్చినా 108కి ఫోన్ చేయాలి. అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే.

అయితే "డాక్టరు దగ్గరికి వెళ్ళు" అని చెప్పి ఊరుకుంటే మన పని అయిపోదు. పోయిన కూలి ఎవరిస్తారు? ఈఎస్ఐ చందా కడుతున్న ఫ్యాక్టరీ కార్మికురాలికి, చందా రోజులు సరిపడా ఉంటే, డాక్టరు సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. ఆమె జీతం నుంచి నెలనెలా చందా కోస్తున్నారు గనుక ఇది ఆమె హక్కు. ఇంట్లో కండెలు చుట్టే ఆమెకు, పొలంలో కూలికి వెళ్ళే ఆమెకు ఆపాటి ఆసరా కూడా లేదు. దానికోసం అడగవలసింది మన సంఘాలే.

ఈసారి సమావేశంలో పొదుపు లెక్కలు చూసే ముందు ఒక్కొక్కరినీ హిమోగ్లోబిన్ ఎంత ఉందని అడుగుదాం. తెలియదన్న వాళ్ళందరినీ కలిపి పరీక్షకు తీసుకువెళదాం. ఒక్కతే వెళితే కాదనడం తేలిక, పది మంది వెళితే అంత తేలిక కాదు.