బిడ్డకు వైద్యం ఉచితం.. పక్కన కూర్చునే తల్లిదండ్రుల కూలి సంగతేంటి?

పిల్లలకు పెద్ద జబ్బు వస్తే అందరూ ముందు అడిగేది ‘ఎంత ఖర్చవుతుంది’ అనే. శ్రీరాంపూర్ లాంటి బొగ్గుబాయి ఊళ్లలో ఈ ప్రశ్నకు ఎంతో కొంత జవాబుంది. సింగరేణి పర్మినెంట్ కార్మికుడి పిల్లలకు కంపెనీయే వైద్యం చేయిస్తుంది. రామకృష్ణాపూర్ ఏరియా ఆసుపత్రిలో కాకపోతే హైదరాబాద్‌కు రెఫర్ చేస్తుంది. కాంట్రాక్టు కార్మికులు, ఆటోడ్రైవర్లు, చిరువ్యాపారుల పిల్లలకు ఆరోగ్యశ్రీ ఉంది. 2023 డిసెంబరులో దాని పరిమితి రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెరిగింది. నీలోఫర్, నిమ్స్ లాంటి సర్కారు దవాఖానాలు కూడా ఉన్నాయి.

రెండో ప్రశ్న మాత్రం ఎవరూ అడగడం లేదు. బిడ్డ మంచం పక్కన వారాల తరబడి కూర్చునే అమ్మానాన్నల కూలి ఎవరిస్తారు?

మస్టర్ల లెక్క

థలసీమియా సంగతే చూద్దాం. ఈ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మూడు వారాలకోసారి అనుకున్నా ఏడాదికి 17 సార్లు. రక్తం సరిపోల్చి, ఎక్కించి, ఇంటికి చేరేసరికి ఆ రోజు గడిచిపోతుంది. ఒంట్లో పేరుకునే ఇనుమును తగ్గించే మందులు, పరీక్షల కోసం తిరిగే రోజులు వేరే.

2025 దాకా అమల్లో ఉన్న 1952 నాటి గనుల చట్టం లెక్క ప్రకారం భూగర్భ కార్మికుడికి ప్రతి 15 పనిదినాలకు ఒక రోజు వేతనంతో సెలవు ఉండేది. దానికి కూడా ఏడాదిలో 190 హాజర్లు నిండాల్సి ఉండేది. 190 మస్టర్లు చేసినవారికి వచ్చేది 12, 13 రోజులే. సిక్ లీవ్ ఉన్నా అది కార్మికుడి సొంత జబ్బు కోసం. కొన్ని క్యాజువల్ లీవులు కలిపినా, ఇంట్లో ఇంకెవరికీ ఏమీ కాకూడదు, పెళ్లి, మౌత్ ఏదీ రాకూడదు. సెలవులు అయిపోతే మిగిలేది నాగా. నాగాలు పెరిగి మస్టర్లు తగ్గితే ఆ సెలవుల అర్హత కూడా పోతుంది. ఇంకా తగ్గితే చార్జిషీటు దాకా వెళ్తుంది. సోమరితనంతో మానేసినా, బిడ్డ ఐసీయూలో ఉండి మానేసినా రిజిస్టర్లో పడేది ఒకే గుర్తు.

ఇది పర్మినెంట్ కార్మికుడి పరిస్థితి. రోజుకూలీకి, కాంట్రాక్టు కార్మికుడికి లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. పనికొస్తేనే పైసలు.

అమ్మ దవాఖానాలో, నాన్న బాయిలో

అందుకే చాలా ఇళ్లలో ఒకటే ఏర్పాటు. అమ్మ బిడ్డతో హైదరాబాద్‌లో ఉంటుంది, నాన్న షిఫ్టుకు పోతాడు, మిగతా పిల్లలు దాదీ దగ్గరో నానీ దగ్గరో ఉంటారు. మహాలక్ష్మి పథకంతో అమ్మకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. కానీ గది అద్దె, తిండి, బయట కొనే మందులు ఆగవు. హైదరాబాద్‌లోని 18 పెద్దాసుపత్రుల్లో రోగుల సహాయకులకు రూ.5 భోజనాన్ని ప్రభుత్వం 2022లో మొదలుపెట్టింది. పక్కనుండేవారికీ ఆకలి వేస్తుందని అప్పుడు గుర్తించారు. వారి కూలి పోతుందన్న విషయం ఇంకా గుర్తించాల్సి ఉంది.

దీన్ని ఇంటి కష్టం అని వదిలేస్తే వైద్యమే దెబ్బతింటుంది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త క్యాన్సర్‌కు రెండు నుంచి మూడేళ్లు చికిత్స ఉంటుంది. పూర్తిగా వాడితే ఎక్కువ మంది పిల్లలు బతుకుతారు. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. ఇంజెక్షన్ ఉచితమైనా దాని దగ్గరకు చేరే దారిలో కూలి, చార్జీలు, అప్పు అడ్డం పడుతుంటాయి.

చేయగలిగేది ఏమిటి?

కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు, ఒంటరి తండ్రులకు సర్వీసులో 730 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. మొదటి 365 రోజులకు పూర్తి జీతం, తర్వాత 80 శాతం. అదే నిబంధనను బాయికి తెచ్చినా చాలదు. అందులో భార్య ఉన్న తండ్రికి చోటు లేదు. బాయిలోకి దిగేది ఎక్కువగా తండ్రులే.

బొగ్గు కంపెనీలకు పిల్లల వైద్యం కొత్తేం కాదు. కోల్ ఇండియా 2017 నుంచి థలసీమియా పిల్లల ఎముక మజ్జ మార్పిడికి రూ.10 లక్షల వరకు ఇస్తోంది. 2021లో తన అనుబంధ సంస్థ ఉద్యోగి కూతురికి ఒక్క ఇంజెక్షన్ కోసం రూ.16 కోట్లు మంజూరు చేసింది. సింగరేణి దాని అనుబంధ సంస్థ కాదు. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది. అంటే నిర్ణయం తీసుకునే అధికారం రెండు సర్కార్ల చేతిలోనే ఉంది.

యూనియన్లు అడగాల్సింది పెద్ద జాబితా కాదు. తీవ్ర జబ్బున్న బిడ్డ కోసం తండ్రికైనా తల్లికైనా వేతనంతో సెలవు, దానికి మస్టర్ గుర్తింపు. కాంట్రాక్టు టెండర్లలోనూ అదే షరతు. హైదరాబాద్‌లో రెఫరల్ కుటుంబాలకు బస. మంచిర్యాలలో సాయంత్రాలు, ఆదివారాలు కూడా రక్తం ఎక్కించే ఏర్పాటు. ఈ చివరిది ఒక్కటి జరిగినా ఎన్నో షిఫ్టులు మిగులుతాయి.

మన మొహల్లా పని కూడా కొంత ఉంది. రోగిని పలకరించే ఇయాదత్ మనకు సున్నత్. పండ్లు పట్టుకెళ్లి పది నిమిషాలు కూర్చుని వచ్చే బదులు, ఒక రాత్రి బిడ్డ దగ్గర ఉండి ఆ తల్లిని పడుకోనిస్తే అది ఇంకా మేలైన ఇయాదత్. మస్జిద్ కమిటీలు జకాత్ పంచేటప్పుడు ఆసుపత్రి బిల్లు ఒక్కటే చూడకుండా, అర్హులైన కుటుంబాలకు పోయిన కూలిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డాక్టరు రాసే చీటీలో ఆ ఖర్చు ఉండదు.