పరదేశమున రామచిలుకలు

శంషాబాదున విమానమెక్కి లండనునగరమున దిగు తెలుగువారికి అచ్చటి తోటలలో స్వదేశపు బంధువు లగపడుచున్నారు. కెన్సింగ్టను ఉద్యానమునను, రిచ్మండు పార్కునను రామచిలుకలు గుంపులుగూడి అఱచుచుండును. ఇంగ్లండులో 1969 నాటినుండియు ఇవి గూళ్లుపెట్టి స్థిరపడినవి. బ్రస్సెల్సున 1974 ప్రాంతమున ఒక వినోదవనమువారు నలువదింటిని విడిచిపెట్టగా, నేడవి వేలసంఖ్యకు పెరిగినవి. ఐరోపాలోని చిలుకల జన్యువులను పరీక్షించిన శాస్త్రజ్ఞులు వీని పూర్వులలో అధికభాగము పాకిస్థానమునుండియు, ఉత్తరహిందూస్థానమునుండియు పోయినట్లు తేల్చినారు. ఇవి తమంత వలసపోయినవి కావు. పంజరములలో అమ్ముడుపోయిన బందీల సంతానము. బ్రస్సెల్సున చెట్టుతొఱ్ఱలకై ఇవి అచ్చటి చిన్నపిట్టలతో పోటీపడుచున్నవను ఫిర్యాదు నిజమే. దోషము చిలుకది కాదు, వర్తకునిది.

పరాయిదేశపు మాట అటుండనిండు. మన యింట నేమి జరుగుచున్నది? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనము కలదు. దేశవాళీ పక్షుల వర్తకము 1990-91లోనే నిషిద్ధమైనది. ఐనను హైదరాబాదున చిలుక పంజరము వ్రేలాడు వసారాలింకను కలవు. గోలకొండ చెరసాలలో రామదాసు పండ్రెండేండ్లు మ్రగ్గుటకు, పూర్వజన్మమున చిలుకను పండ్రెండుదినములు బంధించుటయే కారణమని మనవారు చెప్పుకొందురు. ఆ కథ విని కంటతడిపెట్టి, ఇల్లుచేరి తమ పంజరములోని చిలుకకు జామపండందించు భక్తులను మేమెఱుగుదుము!

శంషాబాదు మాట వేఱు. 2008లో విమానాశ్రయము తెఱచినది మొదలు చుట్టుపట్ల చేలు ఇండ్లస్థలములగుచున్నవి. చిలుకకు కొమ్మ యున్నంతమాత్రమున చాలదు. వడ్రంగిపిట్ట విడిచిన తొఱ్ఱయో, పుచ్చిన మ్రానులోని బిలమో కావలెను. క్రొత్తగా నాటిన అలంకారపు మొక్కలలో అవి యెచ్చటివి? విమానమునకు పక్షి తగిలిన ప్రాణాపాయము కావున, రన్‌వే చెంతకు పక్షులను చేరనీయకుండుట న్యాయమే. మొక్కజొన్నను, పొద్దుతిరుగుడును చిలుకలపాలు చేసికొను రైతు గోడును మేము కాదనము. మెఱయు నాడాలు కట్టి వానిని తోలుకొనుటకు అతనికి ప్రభుత్వము సాయపడవలెను. కాని ఆ ప్రహరీకి వెలుపల, చేనికి దూరముగా నిలిచిన ముదిమఱ్ఱి యెవరికి అడ్డము?

చెట్లను నఱకుటకు అనుమతి కావలెనని 2002 నాటి జల, భూమి, వృక్ష సంరక్షణ శాసనము విధించుచున్నది. ఆ అనుమతి నిచ్చు అధికారులు తొఱ్ఱలున్న మ్రాకులను వేఱుగ లెక్కవ్రాసి, వానిని విడిచియే స్థలములు విభజింపుడని ఉత్తరువు చేయవలెనని కోరుచున్నాము. చిలుకలు గ్రుడ్లుపెట్టు కాలము చలిదినములు మొదలు వేసవివఱకే. ఆ నెలలలోనైన గొడ్డలిని ఆపుడు.